రంగును నమ్మొద్దు: ప్రాణహిత ఒడ్డున పలుగురాయి రూపాలు

వానలు వెనకబట్టి నీళ్లు తగ్గాక సిరోంచ పక్కన ప్రాణహితలో ఇసుక మేటలు బయటపడతాయి. నది మలుపు తిరిగే చోట, మేటల అంచుల్లో, గులకరాళ్లు పరుచుకుని ఉంటాయి. పాలతెలుపువి, పొగరంగువి, తేనెరంగువి, మెలికల చారలున్నవి, ముదురు ఎరుపువి, అద్దంలా వెలుతురు దాటే చిన్న ముక్కలు. గుప్పెడు రాళ్లు ఏరి చూస్తే పది రకాలున్నాయనిపిస్తుంది. నిజానికి వాటిలో ఎక్కువ భాగం ఒకే ఖనిజం. ఒక సిలికాన్ పరమాణువుకు రెండు ఆక్సిజన్ పరమాణువుల లెక్కన కట్టిన సిలికా. పుస్తకాల్లో క్వార్ట్జ్, మన నోట పలుగురాయి. పూజగదిలోని స్ఫటిక లింగం, ఉంగరంలోని అకీక్, తాతల కాలపు చెకుముకి రాయి, తాపీమేస్త్రీ జల్లెడ పట్టే ఇసుక, అన్నీ ఆ ఇంటివే.

ఒకే పదార్థానికి ఇన్ని రూపాలు ఎందుకన్న ప్రశ్నకు చాలామంది రంగు దగ్గర జవాబు వెతుకుతారు. ఎర్రది ఒక రాయి, ఊదాది ఇంకో రాయి అని విడదీస్తారు. నా అభిప్రాయంలో గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది. పలుగులో రంగు అన్నిటికన్నా పైపై గుణం. వేడి తగిలితే మారుతుంది, కొన్నిసార్లు ఎండకే వెలిసిపోతుంది. రాయిని అర్థం చేసుకోవాలంటే అది ఎక్కడ పెరిగింది, పెరగడానికి దానికి ఎంత జాగా, ఎంత తీరిక దొరికాయి అని చూడాలి.

ఆ చదువుకు మన తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దు నేలను మించిన బడి లేదు. వార్ధా నది సాత్పురా కొండల నుంచి దిగి, లావా గడ్డకట్టిన నల్లరేగడి నేలల మీదుగా వస్తుంది. వైన్‌గంగ తూర్పు విదర్భలోని అతి పాత గ్రానైట్, నైస్ బండలను ఒరుసుకుంటూ వస్తుంది. ఆ రెండూ కలిస్తే ప్రాణహిత. ఇటు గోదావరి నాసిక్ వైపు పుట్టి నాందేడ్ దాకా బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి మీదే నడిచి, కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, గ్రానైట్ గుట్టల మధ్య నుంచి కాళేశ్వరం చేరుతుంది. సిరోంచ చుట్టూ ఉన్న నేలేమో కోట్ల ఏళ్ల కిందటి గోండ్వానా కాలపు ఇసుకరాయి. లావా, గ్రానైట్, ఇసుకరాయి, మూడు తావుల పలుగూ ఒకే ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఎగువన నాందేడ్ జిల్లా దెగ్లూరు, బిలోలి వైపు కూడా ఇలాంటి కలయికే ఉంది. కొంతదూరం బసాల్ట్ నల్లరేగడి, ఇంకొంత దూరం పోతే గ్రానైట్ బండలు తేలిన ఎర్ర చెల్కలు.

ముందు గ్రానైట్ సంగతి. భూమి లోపల కరిగిన రాయి మెల్లగా చల్లారేటప్పుడు ఖనిజాలు ఒకదాని వెనక ఒకటి గడ్డకడతాయి. పలుగు వంతు దాదాపు చివరన వస్తుంది. అప్పటికే ఫెల్డ్‌స్పార్, అభ్రకం జాగాలు పట్టేసి ఉంటాయి, వాటి సందుల్లో మిగిలిన చోటే పలుగుకు దక్కుతుంది. అందుకే గ్రానైట్ పలకలో పలుగుకు సొంత ఆకారం ఉండదు. బూడిదరంగు గాజుముక్కలు ఇరికించినట్టు కనిపిస్తుంది. వంటింటి గట్టు మీది గ్రానైట్‌ను వెలుతురులో పక్కకు వంగి చూస్తే ఆ బూడిద మరకలు తేలిగ్గానే దొరుకుతాయి.

అయితే చివరన వచ్చిన ఆ పలుగే చివరిదాకా నిలబడుతుంది. వేల, లక్షల ఏళ్ల వానకు, ఎండకు ఫెల్డ్‌స్పార్ బంకమట్టిగా మారిపోతుంది. అభ్రకం రేకులుగా విడిపోయి కొట్టుకుపోతుంది. పలుగు మామూలు నీళ్లలో కరిగేది బహు స్వల్పం, లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాముల లోపే. మోస్ కాఠిన్య కొలతలో దాని స్థానం 7, అంటే చాకు మొన కన్నా, కిటికీ అద్దం కన్నా గట్టిది. పైగా పొరలుగా చీలే స్వభావం దానికి లేదు. కాబట్టి బండ మట్టయినా, పలుగు రేణువు మాత్రం ఇసుకగా మిగులుతుంది. కాళేశ్వరం, మహదేవపూర్ ఒడ్డున లారీలకెత్తే ఇసుకలో పెద్ద వాటా ఇదే. అందులో కొంత ఇసుక ప్రయాణం చేసింది ఒక్కసారే కాదు. కోట్ల ఏళ్ల కింద ఏదో నది తెచ్చి పోసిన ఇసుక గోండ్వానా ఇసుకరాయిగా గట్టిపడి, ఆ ఇసుకరాయి మళ్లీ అరిగి, ఇప్పటి నదిలో రెండోసారి ఇసుకైంది. మేట మీద నడుస్తున్నప్పుడు ఇది గుర్తొస్తే అరికాలి కింది ఇసుక మీద గౌరవం పుడుతుంది.

పాలతెలుపు గులకరాళ్ల పుట్టుక వేరు. నేల లోతుల్లో వందల డిగ్రీల వేడి మీద, ఒత్తిడి కింద ఉన్న నీళ్లు సిలికాను బాగా కరిగించుకుంటాయి. ఆ నీళ్లు బండల చీలికల్లోకి ఎక్కి చల్లారితే సిలికా చీలికను నింపేస్తుంది. మన పొలాల్లో, గుట్టల మీద తెల్లటి గట్టులా పరుగెత్తే పలుగు తీగలు అలా ఏర్పడ్డవే. చుట్టూ ఉన్న రాయి అరిగిపోయినా తీగ అరగదు, గోడలా పైకి తేలుతుంది. దాని తెలుపు రంగు కాదు. గడ్డకట్టేటప్పుడు లోపల చిక్కుబడ్డ కోట్ల కొద్దీ సూక్ష్మమైన నీటి బుడగలు వెలుతురును చెదరగొట్టడం వల్ల అలా కనిపిస్తుంది. పలుగు తీగ కనిపిస్తే బంగారం ఆశ పుట్టడం పాత అలవాటు. బంగారాన్ని మోసేవీ ఇలాంటి వేడినీళ్లే కాబట్టి ఆ ఆశకు ఆధారం లేకపోలేదు, కాని లోకంలోని పలుగు తీగల్లో అత్యధిక భాగం ఉత్త పలుగే.

ఇక చీలిక పూర్తిగా నిండకుండా మధ్యలో ఖాళీ మిగిలిందనుకోండి. అప్పుడు పలుగుకు తన సొంత రూపం చూపించే అవకాశం వస్తుంది. ఆరు ముఖాల స్తంభం, కొసన ఆరు ముఖాల మొన. స్తంభం ముఖాల మీద అడ్డంగా సన్నని గీతలుంటాయి, అవి పలుగు గుర్తులు. స్ఫటికం చిన్నదైనా పెద్దదైనా, ఒక ముఖం వెడల్పుగా, ఇంకోటి ఇరుగ్గా ఉన్నా, స్తంభం ముఖాల మధ్య కోణం 120 డిగ్రీలే. 1669లో నికొలాస్ స్టెనో ఈ స్థిరత్వాన్ని గమనించి రాశాడు, స్ఫటికశాస్త్రానికి పునాది అక్కడ పడింది. లోపల ప్రతి సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్‌లు చేరి, ఆ కట్టు మెట్లమెట్లుగా మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. కొన్ని స్ఫటికాల్లో మెలిక కుడికి, కొన్నింట్లో ఎడమకు. నదిలో దొర్లి గుండ్రబడిన తెల్ల గులకరాయికి పైన ముఖాలు లేకపోవచ్చు, లోపల ఈ అమరిక మాత్రం చెక్కుచెదరదు. 1880లో జాక్, పియెర్ క్యూరీ సోదరులు కనుగొన్న గుణం, అంటే నొక్కితే పలుగులో విద్యుత్తు పుట్టడం, ఈ అమరిక వల్లే. చేతి గడియారంలో సెకనుకు 32,768 సార్లు కంపించే పలుగు ముక్క ఆ గుణం మీదే నడుస్తుంది.

రంగుల విషయం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇక్కడ ఉన్నది చాలావరకు కల్తీ లెక్క. సిలికాన్ స్థానంలో కొద్దిగా అల్యూమినియం దూరి, చుట్టూ ఉన్న గ్రానైట్‌లోని సహజ రేడియోధార్మికత యుగాల తరబడి తగిలితే పొగరంగు పలుగు. అల్యూమినియానికి బదులు ఇనుము దూరి అదే జరిగితే ఊదారంగు అమెథిస్ట్. ఆ అమెథిస్ట్‌ను కొన్ని వందల డిగ్రీలకు కాలిస్తే పసుపు రంగుకు తిరుగుతుంది, అంగట్లో సిట్రిన్ పేరుతో దొరికేదాంట్లో పెద్ద భాగం ఇలా కాల్చిందే. గులాబీ పలుగులో రంగును తెచ్చేవి లోపలి కంటికానని పీచులు. ఆకుపచ్చ అవెంచురీన్ మెరుపు క్రోమియం ఉన్న అభ్రకపు రేకులది. పులికన్ను రాయిలో కదిలే గీత, వెలుతురు సన్నని పీచుల వరుస మీద పడి వచ్చేది. ఇన్ని పేర్లూ కొద్దిపాటి పరాయి పదార్థం తెచ్చిన పేర్లే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన చారల రాళ్ల దగ్గరికి వస్తాను. ఇక్కడొక చిక్కుముడి ఉంది. బసాల్ట్ నల్లరాయిలో పలుగు సాధారణంగా ఉండదు. అందులోని సిలికా అంతా వేరే ఖనిజాల్లో కలిసిపోతుంది, విడిగా పలుగు కట్టడానికి మిగలదు. మరి వార్ధా, గోదావరి ఎగువ నుంచి ఇన్ని అకీక్ రాళ్లు ఎలా వస్తున్నాయి?

సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కను మీద లావా వరద తర్వాత వరదగా పారింది. ఇప్పటికీ దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఆ రాయి పరుచుకుని ఉంది. లావాలోని ఆవిర్లు పైకి లేస్తుంటే పైభాగం గడ్డకట్టేసింది, బుడగలు బుడగల్లాగే రాతిలో ఉండిపోయాయి. కొన్ని కందిగింజంతవి, కొన్ని గుమ్మడికాయంతవి. ఆ తర్వాత యుగాల తరబడి ఊటనీరు ఆ రాతిలో ఇంకుతూ, దానిలోని గాజులాంటి భాగాన్ని కొద్దికొద్దిగా కరిగించి, సిలికాను బుడగల్లోకి చేర్చింది. గోడను పట్టుకుని ఒక పొర కట్టింది, దాని మీద ఇంకో పొర. అంటే అకీక్ లావాతో పాటు పుట్టింది కాదు. లావా చల్లారాక, అది వదిలిన ఖాళీలో నీళ్లు కట్టింది.

ఆ పొరల్లోనిది కూడా పలుగే, కాని కంటికి కనిపించే స్ఫటికాలుగా కాదు. మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా ఉండని పీచులుగా, కిక్కిరిసి. ఈ రకానికి కాల్సెడొనీ అని పేరు. ఒకే చక్కెర పాకం తీరిగ్గా ఆరితే కలకండ గడ్డలవుతుంది, గబగబా ఆరితే పొడి చక్కెరవుతుంది, పలుగు విషయంలో జరిగేదీ అదే. ద్రావణంలో సిలికా దండిగా ఉండి తొందరగా దిగితే పీచుల కాల్సెడొనీ, పలచబడి మెల్లగా దిగితే మొనలున్న స్ఫటికం. ఈ రెండు దశలూ ఒకే గడ్డలో చూడొచ్చు. పగిలిన అకీక్ గడ్డలో వెలుపల చారల పొరలు, నట్టనడుమ మిగిలిన బోలులో మిలమిలలాడే పలుగు మొనలు ఉంటాయి. ఆ మొనల్లోకి ఇనుము చేరితే అమెథిస్ట్ గుహ. జాల్నా, ఛత్రపతి శంభాజీనగర్ (పాత ఔరంగాబాద్) ప్రాంతపు క్వారీల నుంచి వచ్చే ఇలాంటి గడ్డలు లోకమంతా మ్యూజియాల్లో ఉన్నాయి. పొరలు అంత లయగా ఎందుకు మారతాయన్నది మాత్రం శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తున్న వాదన.

బసాల్ట్ మెత్తబడి రేగడి మట్టయిపోయినప్పుడు ఈ గడ్డలు చెడకుండా బయటపడతాయి, ఒర్రెల్లో దొర్లి నదికి చేరతాయి. ఏటి ఒడ్డున వాటి పైచర్మం మసకగా, గుంటలు గుంటలుగా ఉంటుంది కాబట్టి పొడిగా ఉన్నప్పుడు కళ్లకు ఆనవు. నీళ్లలో తడిపి సూర్యుడికి అడ్డంగా పట్టుకోవాలి. అంచుల్లో తేనె కాంతి దూరితే అది కాల్సెడొనీ వంశం. చారలుంటే అగేట్, అంటే మన అకీక్, తిన్నని నలుపు తెలుపు పొరలైతే ఓనిక్స్, చారల్లేని నారింజ ఎరుపైతే కార్నీలియన్. వెలుతురు అసలే దాటకుండా ఇటుక ఎరుపులోనో ఆవాల పసుపులోనో ఉంటే జాస్పర్, అందులో మట్టి, ఇనుప తుప్పు కణాలు బాగా కలిసిపోయి ఉంటాయి.

ఈ రాళ్ల మీద వ్యాపారం ఇప్పటిది కాదు. క్రీస్తు శకం 1వ శతాబ్దపు గ్రీకు నావికుడి రచన ‘పెరిప్లస్’లో, పైఠాన్ నుంచి ఓనిక్స్ రాయి బండ్ల మీద భరుకచ్ఛ (ఇప్పటి భరూచ్) రేవుకు పోయేదని ఉంది. పైఠాన్ మన గోదావరి ఒడ్డుదే, సాతవాహనుల రాజధాని. గుజరాత్‌లో రతన్‌పూర్ గనుల రాయిని ఖంభాత్‌లో పూసలుగా మలిచే పని ఇప్పటికీ సాగుతోంది. అక్కడి పనివాళ్లు మసక పసుపు రాళ్లను ఎండబెట్టి, కుండల్లో పెట్టి సన్నని సెగ మీద కాలుస్తారు. రాతిలో నీటితో కలిసి ఉన్న ఇనుము సెగకు నీరు వదిలి ఎర్రబడుతుంది, మసక రాయి కార్నీలియన్ అవుతుంది. హరప్పా కాలం నాటి పనివాళ్లకూ ఈ కిటుకు తెలుసు.

ఆ పూసల వెనక ఒక బాధ ఉంది, దాన్ని దాటి పోలేను. పలుగు రాయిగా ఉన్నంతకాలం ఎవరికీ హాని చెయ్యదు, ఇసుకలో ఆడుకునే పిల్లలకు భయం లేదు. కాని పొడి మీద కోసినా, సానపట్టినా, మిల్లులో పిండి చేసినా లేచే కంటికానని దుమ్ము ఊపిరితిత్తుల అడుగుకు చేరి అక్కడే ఉండిపోతుంది. శరీరం దాన్ని కరిగించలేదు. చుట్టూ మచ్చ కట్టి ఊపిరి ఆడని జబ్బుగా మారుతుంది. అదే సిలికోసిస్. ఒకసారి వచ్చాక వెనక్కి తిప్పే మందు లేదు, క్షయ సోకే ప్రమాదం కూడా పెరుగుతుంది. ఖంభాత్ సానపట్టే కుటుంబాల్లో, దేశమంతటా క్వారీ, క్రషర్ కూలీల్లో ఈ జబ్బు నమోదైంది. కోతలో నీళ్లు ధార కట్టించడం, దుమ్ము లాగే యంత్రం పెట్టడం, సరైన మాస్కు ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. ముఖానికి కట్టుకున్న తువాలు ఈ దుమ్మును ఆపలేదు. మన వైపు క్రషర్లలో పనికి వెళ్లేవాళ్లకు ఈ మాట తెలుగులో, గోండిలో, మరాఠీలో గట్టిగా చెప్పాలి.

మళ్లీ రాళ్ల దగ్గరికి. కాల్సెడొనీ, చెర్ట్ (కంటికానని పలుగు రేణువుల రాయి), జాస్పర్‌లకు ఉన్న ఇంకో సుగుణం, దెబ్బ కొడితే గవ్వలోపలి వంపులాంటి నునుపైన చీలిక వచ్చి, అంచు బ్లేడులా తేలడం. పెద్ద స్ఫటికంలో లోపలి పగుళ్లు చీలికను దారి తప్పిస్తాయి, పీచుల రాతిలో దెబ్బ అనుకున్న దిక్కుకే పోతుంది. అందుకే దేశమంతటా సూక్ష్మశిలా యుగపు మనుషులు బాణపు మొనలకు, చిన్న కత్తులకు ఈ రాళ్లనే ఏరుకున్నారు. చంద్రపూర్ పక్కన పాపామియా టేకిడి రాతియుగపు తావుగా పేరున్నదే. అగ్గిపెట్టెలు రాకముందు చెకుముకి సంచిలో ఉన్నదీ ఈ రాయే. ఇక్కడ నిప్పురవ్వ రాతిది కాదు. గట్టి రాయి అంచు ఉక్కును చెక్కితే, ఎగిరిన ఇనుప పొట్టు గాలికి అంటుకుంటుంది. రెండు తెల్ల పలుగులను చీకట్లో ఒకదానికొకటి రుద్దితే లోపల మసక వెలుగు వస్తుందే, అది వేరే సంగతి. అక్కడ నిప్పు లేదు, నలిగిన స్ఫటికం నుంచి నేరుగా వచ్చే కాంతి అది.

సిరోంచ తాలూకాలోని వడధాం శిలాజ ఉద్యానంలో పలుగు వేసిన అన్నిటికన్నా విచిత్రమైన వేషం చూడొచ్చు: రాయైపోయిన చెట్లు. ఆ చుట్టుపక్కల పొరలకు ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట అనే ఊరి పేరే పెట్టారు, కోట శిలాసముదాయం అని. జురాసిక్ యుగపు ఆ పొరల్లోనే బరపాసారస్ అనే పెద్ద రాక్షసబల్లి ఎముకలు దొరికాయి, దాని అస్థిపంజరం కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది. ఆ కాలపు చెట్ల మానులు కొన్ని నది ఒండ్రులో పూడిపోయాయి. గాలి తగలక తొందరగా కుళ్లలేదు. సిలికా కలిసిన ఊటనీరు చెక్క కణాల్లోకి ఇంకి, ముందు కణాల ఖాళీలను, తర్వాత గోడలను కూడా పలుగుతో నింపింది. మార్పు అంత సన్నని స్థాయిలో జరిగింది కాబట్టి చెక్క పోయినా దాని నేత పోలేదు. ఏటేటి వలయాలు, బెరడు గరుకు కొన్ని ముక్కల్లో కంటికే కనబడతాయి, పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఏ జాతి మానో చెప్పేంత వివరం దొరుకుతుంది. చూసేవాళ్లు తడిమి చూసి ఎండిన దుంగ అనుకుంటారు, ఎత్తబోతే బరువు తెలుస్తుంది. దయచేసి వాటిని ఇంటికి తీసుకెళ్లొద్దు. పొర నుంచి విడిపోయిన శిలాజం తన కాలాన్ని, చోటును కోల్పోతుంది, దాంతో చదవడానికి ఏమీ మిగలదు.

పలుగులా కనబడి పలుగు కానివీ ఉన్నాయి. తెల్లటి కాల్సైట్ ముక్కకు చాకుతో గీత పడుతుంది, పలుచటి ఆమ్లం చుక్క పడితే బుసబుస పొంగుతుంది. పలుగుకు ఈ రెండూ జరగవు. బసాల్ట్ బుడగల్లో పలుగు పక్కనే పెరిగే జియోలైట్లు ముత్యపు మెరుపుతో అందంగా ఉంటాయి, కాని మెత్తనివి. ఓపల్‌ది సిలికాయే అయినా పరమాణువుల్లో వరుస లేదు, లోపల నీరుంటుంది, అందుకే దాన్ని పలుగుగా లెక్కించరు. మామూలు గాజుదీ అంతే, పరమాణువుల్లో వరుస ఉండదు.

అంగట్లో ఈ తేడా డబ్బుతో ముడిపడుతుంది. సునేలా పేరుతో పుష్యరాగానికి బదులుగా అమ్మేది సిట్రిన్, జమునియా అంటే అమెథిస్ట్. రెండూ చెడ్డవి కావు, నవరత్నాల ధర వాటికి పెట్టడమే తప్పు. ఆకుపచ్చ అవెంచురీన్‌ను జేడ్ అని అంటగట్టడం కూడా మామూలే. రసీదు మీద ఖనిజం పేరు రాయమని అడగండి, రాయనంటే వదిలేయండి. స్ఫటిక మాల కొనేటప్పుడు పూసను చెంపకు ఆనించి చూడండి. పలుగు వేడిని గాజు కన్నా వేగంగా లాగేస్తుంది కాబట్టి చల్లదనం ఎక్కువసేపు తెలుస్తుంది. భూతద్దంలో గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది గాజు. పలుగులో ఉండే మచ్చలు సాధారణంగా పొగచారల్లా, ఈకల్లా వంకరటింకరగా ఉంటాయి. మచ్చే లేకుండా పూసలన్నీ ఒకే తీరుగా ఉండి ధర బాగా తక్కువగా ఉంటే, కొనేముందు పాత సీసా ముక్క మీద ఒక పూసను గీయించి చూడమనండి. పలుగు సీసాను గీస్తుంది, గాజు పూస జారిపోతుంది.